ఎడమ కాలిని పనిలో పెట్టడం ఎలా: ఆర్కే బీచ్‌లో ఫోర్లాన్ పాఠాలు

మా మేనల్లుడికి 14 ఏళ్లు. పరుగుంది, ఊపిరుంది, కొట్టాడంటే బంతి గట్టిగానే వెళ్తుంది, కాకపోతే కుడి కాలితో మాత్రమే. ఎడమ వైపు బంతి వచ్చిందంటే చాలు, దాని చుట్టూ ప్రదక్షిణ చేసి కుడి కాలి మీదకి తెచ్చుకునేలోపు అవతలి డిఫెండర్ వచ్చి, బంతి లాక్కుని, వెళ్లిపోయి, టీ కూడా తాగేస్తాడు. "మరి ఎడమ కాలు ఎందుకురా నీకు?" అంటే "బస్సెక్కడానికి మావయ్యా" అన్నాడు. వాడి కోసం మొదలుపెట్టిన పని ఇది. రెండు నెలలు పట్టింది, మధ్యలో ఒకసారి మా అపార్ట్‌మెంట్‌లో పెద్ద గొడవ కూడా అయింది, అది తర్వాత చెప్తాను. ఇప్పుడు మా బీచ్ బ్యాచ్‌లో ఇంకో ముగ్గురు గుంటలు కూడా అడుగుతున్నారు కాబట్టి మొత్తం ఒకచోట రాసేస్తున్నాను.

కావాల్సినవి పెద్దగా ఏమీ లేవు. ఒక మంచి బంతి, ఎవరూ తిట్టని గోడ, ఒక ఫోను, ఒక నోట్‌బుక్కు, ఇంకా ఉరుగ్వే ఫుట్‌బాల్ ఆటగాడు డియెగో ఫోర్లాన్.

ఫోర్లానే ఎందుకు అంటారా. మెస్సీని చూసి నేర్చుకోమని పిల్లలకి చెప్పేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆయన ఆట చూసి ఆనందించాలి, అంతే, దాన్ని ఇంటికి తెచ్చుకోలేం. ఫోర్లాన్ అలా కాదు. పెద్ద డ్రిబ్లింగ్ లేదు, కళ్లు చెదిరే వేగం లేదు. ఉన్నదల్లా బంతి ఏ కాలికి దొరికితే ఆ కాలితో, దూరం నుంచైనా సరే, నేరుగా గోలు మీదకి కొట్టడం. పెనాల్టీలు, ఫ్రీకిక్కులు కుడి కాలితోనే కొట్టేవాడు, అంటే మనలాగే కుడి కాలి మనిషే. కానీ ఆట నడుస్తుండగా చూస్తే అతని అసలు కాలు ఏదో చెప్పడం కష్టం. అది కూర్చుని కుదుర్చుకున్న పని. కుదుర్చుకున్నదైతే మనమూ కుదుర్చుకోవచ్చు, నా ఆశంతా అదే.

మనిషి గురించి రెండు ముక్కలు. 1979లో మాంటెవిడియోలో పుట్టాడు. నాన్న పాబ్లో ఫోర్లాన్ 1966, 1974 ప్రపంచ కప్పుల్లో ఉరుగ్వే జట్టులో ఉన్నాడు, అమ్మ తరఫు తాత హువాన్ కార్లోస్ కొరాసో 1962 ప్రపంచ కప్పులో అదే జట్టుకి కోచ్. ఇంకేం, వడ్డించిన విస్తరి అనుకుంటాం. చిన్నప్పుడు టెన్నిస్‌లో కూడా గట్టివాడే, అటు వెళ్లినా వెళ్లేవాడేమో. 1991లో, అతనికి 12 ఏళ్లప్పుడు, అక్క అలెహాంద్రా కారు ప్రమాదంలో చిక్కుకుంది. ఆమె ప్రాణాలతో బయటపడింది కానీ మళ్లీ నడవలేకపోయింది. చికిత్స ఖర్చులకి డబ్బు కూడగట్టడంలో మారడోనా కూడా సాయం చేశాడు. ఫుట్‌బాలర్ అయి అక్కకి మంచి వైద్యం చేయిస్తానని ఆ పిల్లాడు అప్పుడే అనుకున్నాడట. రాత్రిళ్లు బీచ్ రోడ్డు మీద బైకులు ఎగరేసే మనవాళ్లకి ఈ సంగతి ఒకసారి చెప్పండి, ఫుట్‌బాల్ సంగతి తర్వాత.

ముందు చూడటం నేర్చుకోండి

అందరూ చేసే తప్పు ఏంటంటే, యూట్యూబ్‌లో పేరు కొట్టి, పాట పెట్టి అతికించిన గోల్స్ వీడియో ఐదు నిమిషాలు చూసి, షూ వేసుకుని బయల్దేరిపోవడం. ఆ వీడియోల్లో అన్నీ లోపలికే వెళ్తాయి. మనం బీచ్‌కి వెళ్లి పది కొడితే తొమ్మిది బయటికి పోతాయి, దాంతో మూడో రోజుకి ఉసూరుమంటాం. అందుకే ఫోర్లాన్‌ని గోల్స్ దగ్గర కాదు, గోల్స్ రాని కాలం దగ్గర మొదలుపెట్టండి.

అర్జెంటీనాలో ఇండిపెండియెంటే క్లబ్బుకి ఆడుతున్న ఫోర్లాన్‌ని 2002 జనవరిలో ఇంగ్లండ్‌లో మిడిల్స్‌బరో తీసుకోబోతుంటే, చివరి క్షణంలో మాంచెస్టర్ యునైటెడ్ వచ్చి తన్నుకుపోయింది. ఆ తర్వాత తొలి గోలు కోసం ఎన్నాళ్లు ఆగాడో తెలుసా? ఎనిమిది నెలలు. 27వ మ్యాచ్‌లో, సెప్టెంబర్‌లో, ఇజ్రాయెల్ క్లబ్బు మక్కాబీ హైఫా మీద పెనాల్టీ. అదీ జట్టులోని బెక్‌హామ్ బంతి ఇచ్చి నువ్వు కొట్టు అంటే. అన్నాళ్లూ అవతలి అభిమానులు పాటలు కట్టి మరీ వెక్కిరించారు. ఆ రోజుల మ్యాచ్ ఏది దొరికినా పూర్తిగా చూడండి. బంతిని వదిలేసి అతన్ని ఒక్కడినే చూడండి. మొదట్లో పది నిమిషాలకే విసుగొస్తుంది, మా వాడైతే ఫోను పక్కన పడేసి ఫ్రిజ్ దగ్గరికి పోయాడు. కానీ కాసేపు ఓపిక పడితే ఒకటి కనపడుతుంది. గోల్స్ రాకపోయినా కొట్టడం మానలేదు. రెండు కాళ్లతోనూ కొడుతూనే ఉన్నాడు.

నోట్‌బుక్ పని ఇక్కడే. అతను కొట్టిన ప్రతి షాట్‌కీ మూడు సంగతులు రాసుకోండి: ఏ కాలు, కొట్టేముందు బంతిని ఎన్నిసార్లు తాకాడు, నిలబడిన కాలు బంతికి ఎక్కడ పడింది. మూడోది ముఖ్యం, దాని కోసం వీడియోని పావు వేగంలో పెట్టాలి. నాలుగైదు మ్యాచ్‌లు రాసేసరికి రెండో గడిలో ఎక్కువగా 1, 2 కనపడతాయి. అంటే బంతిని సర్దుకుంటూ కూర్చోడు. సర్దుకోవాల్సిన అవసరం లేదు కాబట్టే కూర్చోడు. రెండు కాళ్లు ఉంటే వచ్చే లాభం ఇదన్నమాట, అందం కోసం కాదు, అర సెకను మిగలడం కోసం.

పిల్లలు నవ్వుకోవడానికి ఒకటి. 2002 నవంబర్‌లో సౌతాంప్టన్ మీద చివర్లో గెలుపు గోలు కొట్టి చొక్కా విప్పేశాడు. సంబరం అయిపోయింది, ఆట మళ్లీ మొదలైంది, ఈయనకి చొక్కా మళ్లీ తొడుక్కోవడం కుదరలేదు. చేతిలో చొక్కా పట్టుకుని, ఒంటి మీద ఏమీ లేకుండా మైదానంలో పరుగెత్తుతూ ప్రత్యర్థి మీద పడ్డాడు. మా మేనల్లుడికి ఫోర్లాన్ నచ్చింది ఇది చూశాకే, నేను చెప్పిన గొప్పలన్నీ విన్నాక కాదు. ఆ తర్వాత నెలలో లివర్‌పూల్ మీద వాళ్ల సొంత మైదానంలోనే రెండు గోల్స్ కొట్టాడు. మొదటిది లివర్‌పూల్ గోలీ డుడెక్ చేతుల్లోంచి బంతి జారిపోతే కొట్టింది. అదృష్టం అంటారు అందరూ. కానీ ఆ బంతి జారుతుందని అక్కడికి పరుగెత్తింది ఎవరు? ఆ ఒక్క గోలు పదిసార్లు చూపించాను మావాడికి.

మొత్తం మీద యునైటెడ్‌కి 98 మ్యాచ్‌లు, 17 గోల్స్. ఒక లీగ్ టైటిల్, ఒక ఎఫ్‌ఏ కప్పు ఉన్నా, గోల్స్ కొట్టడమే పనైన ఫార్వర్డ్‌కి ఆ లెక్క తక్కువే. పనికిరానివాడని ముద్ర వేసి పంపించేశారు.

తర్వాత స్పెయిన్ వెళ్లాడు. దాని గురించి ఎక్కువ రాయను, అంకెలే మాట్లాడతాయి. 2004-05లో విల్లారియల్‌కి లీగ్‌లో 25 గోల్స్, యూరప్ లీగుల్లో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి ఇచ్చే గోల్డెన్ షూ, థియరీ హెన్రీతో సమానంగా. 2008-09లో అట్లెటికో మాడ్రిడ్‌కి 32 గోల్స్, మళ్లీ గోల్డెన్ షూ, ఈసారి ఒక్కడికే. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా లాంటి జట్లలో ఉంటే బంతులు వాటంతటవే వస్తాయి. ఈయన ఆ రెండింట్లో దేనికీ ఆడకుండానే రెండుసార్లు కొట్టాడు. ఒకే మనిషి, అవే కాళ్లు, ఏడాది తిరక్కుండానే పనికిరానివాడి నుంచి యూరప్‌లో మొదటివాడి దాకా.

గోడ దగ్గర

ఇప్పుడు పని. మొదటి రెండు వారాలు బీచ్ వద్దు, గోడ చాలు. గోడకి పది అడుగుల దూరంలో నిలబడి, ఎడమ పాదం లోపలి వైపుతో బంతిని నెమ్మదిగా కొట్టండి, తిరిగొచ్చినదాన్ని ఎడమ కాలితోనే ఆపండి, మళ్లీ కొట్టండి. రోజుకి వంద. తిన్నగా మీ దగ్గరికే వచ్చినవి మాత్రమే లెక్క, పక్కకి పోయి మీరు వెనకాల పరుగెత్తినవి లెక్కలోకి రావు. మొదటి రోజు మావాడికి వంద పూర్తవడానికి 40 నిమిషాలు పట్టింది, ఏడుపొక్కటే తక్కువ. పన్నెండో రోజుకి పావుగంటలో అయిపోయాయి.

ఎందుకు రావట్లేదని నేనూ చాలా రోజులు ఎడమ పాదాన్నే చూస్తూ కూర్చున్నాను. తప్పు అక్కడ లేదు. కుడి కాలితో కొట్టేవాళ్లు ఏళ్ల తరబడి ఎడమ కాలి మీద నిలబడ్డారు. ఇప్పుడు ఎడమతో కొట్టాలంటే ఒళ్లంతా కుడి కాలి మీద మోపాలి, దానికేమో ఒంటరిగా నిలబడే అలవాటే లేదు, మోకాలు ఊగిపోతుంది, నడుం వెనక్కి వాలుతుంది, బంతి ఆకాశంలోకి పోతుంది. అంటే నేర్పాల్సింది ఎడమ కాలికి కొట్టడం ఒక్కటే కాదు, కుడి కాలికి నిలబడటం కూడా. దీనికి మందు చాలా చవక. పొద్దున్న పళ్లు తోముకునేటప్పుడు కుడి కాలి మీద నిలబడండి. మొత్తం తోమడం అయ్యేదాకా. మా అక్క "ఇదేం కొంగ జపంరా" అని వారం రోజులు నవ్వింది. మూడో వారానికి తేడా కనపడింది.

ఆ కాలు పడే చోటు: బంతికి పక్కన, జానెడు దూరంలో, బొటనవేలు మీరు కొట్టాలనుకున్న వైపు చూస్తూ. మరీ వెనకపడితే బంతి లేస్తుంది, మరీ ముందుకి పడితే నేలని తంతారు. ఛాతీ బంతి మీదకి వాలి ఉండాలి. మూడో వారం నుంచి పాదం లోపలి వైపు మానేసి, షూ లేసులు కట్టే చోట ఉండే గట్టి ఎముకతో కొట్టడం మొదలుపెట్టండి, వేళ్లు కిందకి వంచి, చీలమండ బిగించి. చీలమండ వదులైతే శబ్దం మారిపోతుంది, సరిగ్గా తగిలిన బంతి "ధబ్" అంటుంది, తగలనిది "చప్" అంటుంది. ఆ తేడా రెండు రోజుల్లో మీ చెవికే తెలిసిపోతుంది, కోచ్ అక్కర్లేదు.

గొడవ సంగతి చెప్తానన్నాను కదా. మే నెల, సెల్లార్‌లో బళ్లు నిండిపోయి ఉన్నాయని మేడ మీదకి వెళ్లాం, వాటర్ ట్యాంకు గోడ మంచి గోడ. మావాడు అప్పుడే వాలీ మొదలుపెట్టాడు, చేతిలోంచి బంతి వదిలి, నేల తాకకముందే ఎడమ కాలితో కొట్టడం. మూడో అంతస్తు పిన్నిగారు అవతలి మూల పాత పంచె పరిచి మాగాయ ముక్కలు ఎండబెట్టారు, ఉప్పూ పసుపూ పట్టిన ముక్కలు, రెండో రోజు ఎండ. బంతి ట్యాంకు అంచుకి తగిలి, పైకి లేచి, ఎంత తాపీగా వచ్చి పడిందనుకున్నారు ఆ పంచె మధ్యలో! ముక్కలు పిట్టగోడ దాకా ఎగిరాయి. నేనూ వాడూ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క ముక్కా ఏరుతుంటే ఆవిడ పైకి వచ్చారు. "ఏటి బాబూ, నువ్వు కూడానా" అన్నారు నన్ను చూసి, వాణ్ని ఒక్క మాట అనలేదు. బంతి పది రోజులు వాచ్‌మన్ గదిలో ఉంది. కాబట్టి గోడ ఎంచుకునేటప్పుడు పైన, పక్కన, వెనక ఏమున్నాయో చూసుకోండి, ముఖ్యంగా ఎండాకాలంలో.

బీచ్‌కి వెళ్లాక

మూడో వారం చివర్లో ఆర్కే బీచ్‌కి. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేసే వేళ వస్తే నడకవాళ్లు పైన రోడ్డు మీద ఉంటారు, ఇసుక మనది. మేము కుర్సురా సబ్‌మెరైన్‌కి కొంచెం ఇవతల ఆడతాం. నీళ్లు వెనక్కి పోయే పాటు వేళ అయితే తడిసి గట్టిపడ్డ ఇసుక వెడల్పుగా దొరుకుతుంది, బంతి దాని మీద మైదానంలో లాగే దొర్లుతుంది. పోటు మీదుంటే ఆ రోజు ఆట వదిలేసి పైనున్న పొడి ఇసుకలో ఒంటి కాలి మీద నిలబడటం, గెంతడం చేయించండి, పిక్కలకి అంతకంటే మంచి జిమ్ లేదు. పొడి ఇసుకలో షాట్లు మాత్రం కొట్టొద్దు, బంతి కూరుకుపోతుంది, తప్పుడు అలవాట్లు వస్తాయి.

గోల్స్ ఎప్పుడూ ఒడ్డు వెంబడే పెట్టండి, ఒకటి భీమిలి వైపు, ఒకటి డాల్ఫిన్ నోస్ వైపు. మొదట్లో మేము సముద్రం వైపు పెట్టి రెండు బంతులు పోగొట్టుకున్నాం. తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది, తేలే బంతిని అది చూస్తుండగానే తీసుకుపోతుంది. పైగా ఎదురుగా సూర్యుడు, గోలీకి ఏమీ కనపడదు. ఇంకోటి, దీంట్లో బేరాల్లేవు: నీళ్లలోకి పోయిన బంతి కోసం ఎవరూ దిగకూడదు, ఈతొచ్చినా సరే. ఆర్కే బీచ్ లోపలికి లాగేస్తుంది, ప్రతి ఏడూ పిల్లలు పోతూనే ఉన్నారు. పోతే బంతే కదా, అందరం తలా కొంచెం వేసుకుని కొంటాం. ఒకసారి పెదజాలారిపేట కుర్రాళ్లు పడవలో వస్తూ మా బంతి తెచ్చి ఇచ్చారు, కానీ రోజూ పడవ రాదు.

కాళ్లకి షూ అక్కర్లేదు, కానీ ముందు ఒకసారి ఆ చోటంతా నడిచి గాజు ముక్కలు, గేలాలు ఏరేయండి. పోర్టు స్టేడియంలోనో, యూనివర్సిటీ మైదానంలోనో ఆడేటప్పుడు మాత్రం నేలని బట్టి షూ. దీనికీ ఫోర్లాన్ కథ ఉంది, తర్వాత ఇంటర్వ్యూలో తనే చెప్పాడు. తడి మైదానం మీద పొడవు స్టడ్లున్న (అడుగున పొడుచుకొచ్చే ముళ్లలాంటివి) బూట్లే వేసుకోమని యునైటెడ్ మేనేజర్ ఫెర్గూసన్ చెబితే, సరేనని తలూపి, తనకి అలవాటైన పొట్టి స్టడ్లే వేసుకున్నాడు. 2004 ఆగస్టులో చెల్సీతో మ్యాచ్, గోలు ముందు జారాడు. ఆట అయ్యాక ఎవరూ చూడకముందే బూట్లు మార్చేద్దామని డ్రెస్సింగ్ రూమ్‌కి పరుగెత్తితే ఫెర్గూసన్ పట్టేసుకుని ఆ బూట్లు విసిరికొట్టాడట. యునైటెడ్‌కి అదే అతని ఆఖరి మ్యాచ్. వానాకాలంలో మన గ్రౌండ్ల మీద అరిగిపోయిన షూతో వచ్చేవాళ్లందరికీ ఈ కథ చెప్తుంటాను.

బంతి గురించి. బీచ్‌లో అమ్మే తేలికపాటి ప్లాస్టిక్ బంతితో షాట్లు నేర్పకండి. అది ఎటు కొట్టినా ఎటో వంకర తిరుగుతుంది, పిల్లాడేమో తన గొప్పే అనుకుంటాడు. 12 ఏళ్ల లోపు వాళ్లకి 4వ సైజు, ఆ పైన 5వ సైజు. బొటనవేలితో గట్టిగా నొక్కితే కొద్దిగా లోపలికి పోవాలి, రాయిలా ఉండకూడదు. ఇంటికెళ్లాక మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి, లేకపోతే ఉప్పుకి కుట్లు పోతాయి.

బంతి వంకర తిరగడం అంటే 2010 చెప్పుకోవాల్సిందే. దక్షిణాఫ్రికా ప్రపంచ కప్పులో జబులానీ అనే బంతి వాడారు, ఎనిమిది ముక్కలే, కుట్లు లేకుండా వేడితో అతికించినవి, నున్నగా ఉండేది. బంతి మీద అతుకులు, గరుకు ఎంత ఉంటే గాలి దాని చుట్టూ అంత సర్దుగా పోతుంది. మరీ నునుపైతే, పెద్దగా తిప్పకుండా కొట్టినప్పుడు గంటకి 70, 80 కిలోమీటర్ల వేగం దగ్గర గాలిలో అటూ ఇటూ వణుకుతుంది. నాసా వాళ్లు కూడా దాన్ని పరీక్షించి ఇదే చెప్పారు. గోలీలు తిట్టారు, ఫార్వర్డ్‌లూ తిట్టారు. ఆ బంతితోనే ఫోర్లాన్ ఐదు గోల్స్ కొట్టాడు.

మూడు గోల్స్, పావు వేగంలో

ఆ ప్రపంచ కప్పులో ఉరుగ్వే చివరి మూడు మ్యాచ్‌లు మనకి అర్ధరాత్రి 12కి మొదలయ్యాయి. ఇంట్లో అందరూ పడుకుంటే నేను టీవీ గొంతు నొక్కేసి చూశాను. సెమీఫైనల్, జులై 6, నెదర్లాండ్స్ మీద. నోట్‌బుక్కులో ముందు దీన్నే రాయండి. 41వ నిమిషం, మధ్యలో బంతి అందింది, ముందు డిఫెండర్లున్నారు, కుడి కాలి మీదకి తెచ్చుకునే చోటు లేదు. ఎడమ వైపుకి ఒక్క తోపు, దూరం నుంచే ఎడమ కాలితో షాట్. గోలీ స్టెకెలెన్‌బర్గ్ చేయి పెట్టాడు కానీ ఆపలేకపోయాడు. ఉరుగ్వే ఆ మ్యాచ్ 3-2తో ఓడిపోయింది, అయినా నేను పిల్లలకి చూపించే మొదటి గోలు ఇదే. వీడియో ఆపి, కుడి కాలు ఎక్కడుందో చూడండి. పళ్లు తోముకుంటూ మీరు నిలబెట్టిన కాలు అదే.

రెండోది అంతకు ముందు ఘనా మీద ఫ్రీకిక్. ఆ మ్యాచ్ అనగానే అందరికీ ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ చేత్తో ఆపిన బంతి, ఘనా ఆటగాడు జ్యాన్ పెనాల్టీ బార్‌కి తగలడమే గుర్తొస్తాయి. అసలు స్కోరు సమం చేసి ఆటని అక్కడిదాకా తెచ్చింది 55వ నిమిషంలో ఫోర్లాన్ కొట్టిన కిక్కు. పిల్లలకి ఇది మొదట్లోనే నేర్పాలని చూడొద్దు, షాటే తిన్నగా వెళ్లనప్పుడు వంకర ఎందుకు.

మూడోది జర్మనీ మీద, మూడో స్థానం కోసం ఆడిన మ్యాచ్‌లో. 51వ నిమిషంలో తోటి ఆటగాడు అరెవాలో రియోస్ కుడి వైపు నుంచి బంతి పంపాడు. ఫోర్లాన్ పెనాల్టీ బాక్స్ అంచున ఉన్నాడు, బంతి గాల్లో ఉండగానే కుడి కాలితో కొట్టాడు. బంతి పైకి లేవలేదు, నేలని కొట్టుకుని, ఎగిరి, గోలీ చూస్తుండగా లోపలికి వెళ్లింది. ఆ టోర్నీకే మంచి గోలుగా దాన్నే ఎంచారు. వాలీ నేర్పేటప్పుడు నేను పట్టుకున్నది ఈ ఒక్క సంగతే: పైకి కాదు, నేలకి కొట్టు. పక్కనుంచి ఒకరు చేత్తో బంతి విసరాలి, నడుము ఎత్తుకి, రెండోవాడు దాన్ని నేల తాకేలా గోలులోకి కొట్టాలి. ముందు కుడి పది, తర్వాత ఎడమ పది. ఎడమవి సగం గాలిని తంతాయి, పర్వాలేదు, నవ్వుకుని మళ్లీ విసరండి. బంతిని కాలు తాకేదాకా చూడాలి, గోలుని చూడకూడదు. గోలు ఎక్కడికీ పోదు.

ఆ మ్యాచ్ కూడా ఉరుగ్వే 3-2తోనే ఓడింది. చివరి క్షణంలో ఫోర్లాన్ ఫ్రీకిక్ బార్‌కి తగిలింది, ఆ శబ్దం అంత తక్కువ సౌండ్‌లోనూ వినపడింది నాకు. నాలుగో స్థానం వచ్చిన జట్టులోని మనిషికి టోర్నీలో ఉత్తమ ఆటగాడిగా గోల్డెన్ బాల్ ఇచ్చారు. అంతకు రెండు నెలల ముందే, మే 12న, హాంబర్గ్‌లో ఫుల్‌హామ్ మీద రెండు గోల్స్ కొట్టి అట్లెటికోకి యూరోపా లీగ్ గెలిపించి వచ్చాడు, రెండోది 116వ నిమిషంలో. మరుసటి ఏడు దక్షిణ అమెరికా దేశాల కప్పు కోపా అమెరికాలో ఫైనల్ దాకా ఒక్క గోలూ లేదు, ఫైనల్లో పరాగ్వే మీద రెండు కొట్టాడు. మళ్లీ అదే కథ, ఆగడం, కొడుతూ ఉండటం. తాత కోచ్‌గా, నాన్న 1967లో ఆటగాడిగా గెలిచిన కప్పు అది.

నలభై దాటిన వాళ్లకి

ఇది నాలాంటివాళ్ల కోసం, పిల్లలు దాటేయొచ్చు. 2016లో ఫోర్లాన్ ముంబై సిటీ క్లబ్బుకి ఆడటానికి ఇండియా వచ్చాడు, అప్పటికి 37 ఏళ్లు. కేరళ బ్లాస్టర్స్ మీద 5-0తో గెలిచిన మ్యాచ్‌లో హ్యాట్రిక్ కొట్టాడు. సెమీఫైనల్లో కోల్‌కతా మీద రెడ్ కార్డు కూడా చూశాడు, అదీ ఉంది. ఆ మ్యాచ్‌లు 2010వాటి పక్కన పెట్టుకుని చూస్తే వయసైన ఫార్వర్డ్ ఏం చేయాలో తెలుస్తుంది. పరుగు తగ్గించేశాడు, నిలబడే చోటు మార్చాడు, ఫ్రీకిక్కులూ కార్నర్లూ తనే తీసుకున్నాడు. కాలి టచ్ మాత్రం ఎక్కడికీ పోలేదు. మనమేమో ఆదివారం పొద్దున్న కుర్రాళ్లతో సమానంగా పరుగెత్తి, సోమవారం ఆఫీసు మెట్లు రెయిలింగ్ పట్టుకుని ఎక్కుతాం. ముందు పావుగంట నడక, తర్వాత నెమ్మదిగా పరుగు, ఆ తర్వాతే షాట్లు. తొడ వెనక కండరం చిన్నగా పట్టినట్టున్నా ఆపేయండి. విశాఖ ఉక్కపోతలో చెమటకి ఉప్పంతా పోతుంది, కొబ్బరిబోండం తాగండి, ఆట మధ్యలో బజ్జీలొద్దు.

అన్నట్టు, ఆయన ఆ టెన్నిస్‌ని కూడా వదల్లేదు. 2024లో, 45 ఏళ్ల వయసులో, మాంటెవిడియోలో ఏటీపీ చాలెంజర్ అనే ప్రొఫెషనల్ టెన్నిస్ టోర్నీలో డబుల్స్ ఆడాడు, అర్జెంటీనా ఆటగాడు ఫెడెరికో కొరియాతో కలిసి. 6-1, 6-2తో చిత్తుగా ఓడిపోయారు.

మావాడి సంగతి. ఎనిమిది వారాలకి ఎడమ కాలితో గోడకి వందకి ఎనభై తిన్నగా వస్తున్నాయి, బీచ్‌లో పది షాట్లకి మూడో నాలుగో గోల్లోకి పోతున్నాయి. వాలీ ఇంకా రాలేదు. పోయిన ఆదివారం ఆటలో బంతి ఎడమ వైపు వస్తే అలవాటు ప్రకారం చుట్టూ తిరగబోయి, మధ్యలో గుర్తొచ్చి ఆగి, ఎడమ కాలితోనే కొట్టాడు. బయటికి పోయింది. వచ్చి నా పక్కన నిలబడి, "కుడి కాలు ఎక్కడ పడింది మావయ్యా, చూశావా?" అన్నాడు. నేను చూడలేదు, పక్కవాడితో మాట్లాడుతున్నాను.

వచ్చే వారం నుంచి ఫోనుతో వీడియో తీస్తాను. ఎవరైనా కలుస్తామంటే కుర్సురా ఇవతల, పాటు వేళ చూసుకుని రండి. మీ నీళ్లు మీరే తెచ్చుకోండి, బంతికి గాలి కొట్టే పంపు కూడా ఎవరైనా తెండి, మా దాంట్లో వాషర్ పోయింది.